తాతయ్య రైలు

క్రోయిడన్,
11-1-2004, ఆదివారం

అక్కయ్యకు రత్నబాబు వందనాలు.

చలికి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి. నేను బాగానే ఉన్నాను. ఫోను చేయొచ్చు గదా అని నువ్వు తిడతావు. ఫోను హాల్లో ఉంది. నేను ఎత్తితే విద్యాసాగర్ టీవీ సౌండు తగ్గిస్తాడు. కొడుకు అంత మర్యాద చేసేసరికి నాకు మాట రాదు. నీకేమో చెవి సరిగా వినపడదు. కాగితమే నయం.

ఒక సంగతి అడగాలి. కోపం తెచ్చుకోవద్దు. హెప్సి కాలేజీ మానేసి మీ ఊళ్ళో వేర్‌హౌస్ పనికి చేరితే, నీ ఇంట్లో ఉంటుంది గదా అని నేను ధైర్యంగా ఉన్నాను. నిన్న భోజనాల దగ్గర విద్యాసాగర్ అన్నాడు, "నాన్నా, నీ మనవరాలు ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి పబ్బుల్లో స్టేజీలెక్కుతోంది. ఇప్పుడు రికార్డు కూడానంట." అని కంచం తీసుకుని లేచిపోయాడు. కోపంగా ఉన్నప్పుడు వాణ్ణి రెండో మాట అడగలేను.

ముగ్గురు ఆడపిల్లలు, స్టేజీ, రికార్డు. నాకు రికార్డు డాన్సు తప్ప ఇంకోటి తోచలేదు. తిరునాళ్ళలో ప్రభల మీద ఆడేవాళ్ళు, మొహాన పౌడరు, కింద మగాళ్ళ ఈలలు. ఈ దేశంలో కూడా అవి ఉన్నాయని నాకు తెలియదు. పాటలు ఇప్పుడు వచ్చేది సీడీల్లో గదా, రికార్డులు ఎక్కడున్నాయి? అందుకే అదేననుకున్నాను.

ఇక్కడ తెలుగు సంఘం పిల్లలకు నేను ఆదివారం అక్షరాలు నేర్పుతున్నాను. నీకు తెలుసు. సంఘం ప్రెసిడెంటు చలపతి గారు కంప్యూటర్ల మనిషి, బ్రాక్‌నెల్‌లో పెద్ద ఉద్యోగం. నన్ను మాస్టారూ అని పిలుస్తాడు. ఆయన చెవిన పడితే నేను ఆ గదిలో ఎలా నిలబడాలి? పిల్లను మందలించు. నా పేరు చెప్పవద్దు.

నీ తమ్ముడు
రత్నబాబు

---

మిల్టన్ కీన్స్,
17-1-2004

ఒరేయ్ రత్నం,

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. పక్కింటి మిసెస్ హార్పర్ గోడ తట్టి ఏమైందని అడిగింది. ఏమని చెప్పను? అరవై ఎనిమిదేళ్ళవాడు, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవాడు, మనవరాలు తిరునాళ్ళలో రికార్డు డాన్సు కడుతోందని బెంగపెట్టుకున్నాడని చెప్పనా? సాయంత్రం హెప్సికి చెబితే అది నేల మీద దొర్లింది. నీ పేరు చెప్పొద్దన్నావు గానీ, నీ పేరు లేకపోతే దీంట్లో నవ్వెక్కడిది?

విను. వాళ్ళు ముగ్గురు. మన పిల్ల డ్రమ్సు. జెమ్మా అనే అమ్మాయి గిటారు, పాడేది కూడా ఆ పిల్లే. క్లేర్ అని ఒక పొడుగుపిల్ల, మాట్లాడదు, లావు తీగల గిటారు వాయిస్తుంది. నా కారు రోడ్డు మీద పెట్టుకుని వాళ్ళకు గరాజ్ ఇచ్చాను. వాళ్ళ సంగీతాన్ని పాప్ పంక్ అంటారట. నువ్వు ఆసుపత్రిలో ట్రాలీ తోసే రోజుల్లో కోడిజుట్టు వేసుకుని, తలలు పగలగొట్టుకుని వచ్చేవాళ్ళు చూడు, ఆ పంకుల తాలూకే. కానీ వీళ్ళు ఉమ్మరు. టీ తాగి కప్పులు కడిగి పెడతారు. నా వార్డులో స్టూడెంటు నర్సులు కూడా ఇంత బుద్ధిగా లేరు.

పాటలు ఎంత చిన్నవో! నేను కుక్కర్ పెట్టి విజిల్ కోసం నిలబడితే, అది రాకముందే పాట ముగించేసి "వన్, టూ, త్రీ, ఫోర్" అని ఇంకోటి ఎత్తుకుంటారు. అలాంటివి ఐదు కలిపి సీడీ చేశారు. దాన్ని ఈపీ అంటారు. ఈపు కాదురా, ఈపీ. వాళ్ళు మొదలుపెట్టగానే నేను చెవిలో మిషను తీసి డ్రాయర్‌లో పెట్టేస్తా. నాకు కాళ్ళ కింద నేల అదురుతుంది, అంతే. అందుకని బాగుందో లేదో నన్ను అడక్కు.

ఇంకో సంగతి. మొదటి పాట నీ మీదట. చిన్నప్పుడు దాని అమ్మానాన్నా డ్యూటీలకు పోతే నువ్వు చాక్లెట్ల డబ్బా మీద వాయించి ఆడించేవాడివట గదా, ఒంగోలు రైలు ఇలా వస్తుందని. ఆ చప్పుడుతోనే పాట మొదలవుతుందట. పేరు "తాతయ్య రైలు". సీడీ రాగానే నీకు పంపుతుంది. విన్నాక నీ పరువు ఎంత పోయిందో కొలుచుకుని రాయి.

నా మోకాళ్ళు నా మాట వినడం లేదు. మిగతా అందరూ వింటున్నారు.

దేవమణి

---

క్రోయిడన్,
22-2-2004

అక్కయ్యకు,

కవరు మంగళవారం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, హెప్సి పాత గదిలో, దాని పాత మిషను మీదే పెట్టుకుని విన్నాను. మొత్తం అయిపోయేసరికి నా టీ ఇంకా వేడిగానే ఉంది.

పిల్ల బాగా వాయించింది. దానితో చెప్పు. చాలా బాగా వాయించింది.

కానీ ఆ మొదటి పాట తీసేయించు అక్కయ్యా. మిగతా నాలుగూ ఉండనీ. డబ్బా మీద వేళ్ళతో కొడితే అది చంటిపిల్ల ఆట. పెద్ద డ్రమ్సు మీద కొడితే అట్లా లేదు. ఎందుకో రాయలేను. నువ్వు అడగవద్దు.

ఇంకా ఒక చిక్కు వచ్చింది. చలపతి గారి అబ్బాయి తేజ ఆ సీడీ ఎక్కడో కొన్నాడట. తండ్రికి చూపించాడు. ఇవాళ క్లాసు అయ్యాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏం మాస్టారూ, ఇంట్లో ఇంత ట్యాలెంట్ పెట్టుకుని దాచారేంటండీ! ఉగాది ప్రోగ్రాంలో మన అమ్మాయిల ఐటమ్ ఉండాల్సిందే" అన్నాడు. ఆయన ఇంకా పాట వినలేదట, అట్ట మీద పేరు మాత్రం చూశాడు. నేను వద్దనబోయాను. ఆయన అప్పటికే ఇంకొకరితో మాట్లాడుతున్నాడు.

హెప్సికి ఏదో పని ఉందని నువ్వు చెప్పించు.

రత్నబాబు

---

మిల్టన్ కీన్స్,
1-3-2004

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా కోపం వచ్చింది.

నీకు చప్పుడు నచ్చలేదు, సరే. ఆ జెమ్మా గొంతు చించుకుని అరుస్తుందనీ, మనవాళ్ళు ముక్కు మీద వేలు వేసుకుంటారనీ నీ భయం. నువ్వు ఎప్పుడూ ఇంతే. నీ పెళ్ళిలో దండ వేయించుకోవడానికి కూడా సిగ్గుపడి తల వంచేస్తే, సుగుణ నీ మెడ వెతుక్కోవాల్సి వచ్చింది. కానీ ఆ పిల్ల ప్రేమతో నీ పేరు మీద పాట కట్టుకుంటే తీసెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాదు. తండ్రి దానితో మాట్లాడడు. తల్లి ఫోను చేసి, తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది. దానికి ఆ ఇంట్లో మిగిలింది నువ్వే. జనం పేరు చెప్పి నువ్వు కూడా వెనక్కి పోతావా?

చలపతి గారు ఫోను చేశాడు. హెప్సి ఎగిరి గంతేసింది. ఏప్రిల్ మూడు శనివారం ముగ్గురూ వ్యాను వేసుకుని వస్తారు. క్లేర్ నోరు తెరిచి, "పులిహోర ఉంటుందా?" అని అడిగింది. ఈ మూణ్ణెల్లలో ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అది. నేను ఒకసారి వండిపెట్టాలే. నేను రాను, అంత దూరం వ్యానులో కూర్చోలేను.

నువ్వు ముందు వరుసలో కూర్చో. చప్పట్లు కొట్టు. నీ సిగ్గు ఒక్క పూట మడిచి జేబులో పెట్టుకో.

దేవమణి

---

క్రోయిడన్,
5-4-2004, సోమవారం

అక్కయ్యా,

నిన్న మట్టల ఆదివారం. చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. అదీ అబద్ధమే.

ఉగాది సభ జరిగింది. హెప్సి నీకు ఎంతవరకు చెప్పిందో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్కూలు హాలు నిండా జనం. చిన్నపిల్లల డాన్సు అయింది. తర్వాత మన ముగ్గురు. నువ్వు చెప్పినట్టే ముందు వరుసలో కూర్చున్నాను. పాట మొదట్లో డ్రమ్సు ఒక్కటే గదా. హెప్సి కర్రలు ఎత్తి మొదలుపెట్టింది. ఆ హాల్లో, ఆ పెద్ద చప్పుడుతో వినేసరికి తల వంచుకుని నేల చూశాను. నా వెనక అలివేలుమంగ గారనే ఆవిడ, "ఇదేంటి, పండగపూట!" అంది. తర్వాత గిటార్లు వచ్చాయి. పిల్లలందరూ లేచి గెంతారు. పాట అయిపోయింది.

చలపతి గారు మైకు తీసుకున్నాడు. మనిషి సరదా మనిషి. "అమ్మా హెప్సీ, అదరగొట్టావ్! కానీ ఇది రైలు కాదు తల్లీ. మా ఊళ్ళో శవం లేస్తే ముందు మాదిగోళ్ళు కొట్టుకుంటూ పోతారు చూడు, అచ్చం ఆ దెబ్బ! చిన్నప్పుడు విన్నా, ఇప్పటికీ చెవుల్లో ఉంది. పండగపూట మమ్మల్నందర్నీ కాటికి తోలుదామనే?" అన్నాడు. హాలంతా నవ్వింది.

హెప్సికి అన్ని మాటలూ అర్థం కాలేదు. శవం అంటే ఏమిటని పక్కన తేజను అడిగింది. అతను చెప్పాడు. అది మైకు దగ్గరకు వచ్చి, "నో అంకుల్, ఇట్స్ ఎ ట్రెయిన్. మా తాతయ్య నేర్పారు," అంది.

అందరూ నా వైపు తిరిగారు.

"మాస్టారూ, మీరా! మీకెలా తెలుసండీ ఈ దెబ్బ?" అన్నాడాయన.

నేను లేచి నిలబడ్డాను. "నాకు తెలియదండీ. అది రైలేనండీ," అన్నాను.

"అదీ! మాస్టారికి ఈ సంగతులెలా తెలుస్తాయి. పంతుళ్ళ కుటుంబం. పాడు జ్ఞాపకం నాదే," అన్నాడు.

నేను తల ఊపాను అక్కయ్యా. పంతుళ్ళ కుటుంబం అంటే తల ఊపాను. పిల్లలకు అక్షరాలు చెప్తున్నానని ఆయనే అలా అనుకున్నాడు. ఇన్నాళ్ళూ కాదని చెప్పలేదు. అవునని కూడా చెప్పలేదు. మొన్న తలతో చెప్పాను.

అది నాయన కొట్టే దరువు. నీకు చెప్పకుండా ఎలా ఉంటాను? పిల్లను ఆడించడానికి నాకు ఇంకేమీ రాదు. వేళ్ళకు అదే వచ్చింది. ఇదేమిటి తాతా అని అడిగితే చావు డప్పు అని చంటిపిల్లకు ఎలా చెప్పను? రైలన్నాను.

అక్కడితో అయిపోలేదు. భోజనాల దగ్గర హెప్సి చలపతి గారిని పట్టుకుంది. అందరి ముందు అరిచింది. "మా తాతయ్య అబద్ధం చెప్పారంటారా? మా తాతయ్య ఎప్పుడూ అబద్ధం చెప్పరు. మీరు సారీ చెప్పాలి," అంది. ఆయన ఎర్రబడిపోయాడు. నా దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "క్షమించండి మాస్టారూ, మిమ్మల్ని ఆ డప్పులవాళ్ళతో పోల్చినట్టయింది, నా ఉద్దేశం అది కాదండీ," అన్నాడు.

నేను పర్లేదండీ అన్నాను.

నాయన పేరు తలుచుకోవడానికి కూడా నాకు మొహం లేదు. హెప్సికి చెప్పవద్దు.

రత్నబాబు

---

మిల్టన్ కీన్స్,
12-4-2004

రత్నం,

నిన్న ఈస్టరు ఆరాధనకు పోయి వచ్చి, చెవిలో మిషను పెట్టుకుని, మొదటిసారి ఆ సీడీ విన్నాను. మూణ్ణెల్లు నా గరాజ్‌లోనే మోగుతుంటే నేను డ్రాయర్‌లో పెట్టుకున్నాను చూడు, నా తెలివి.

కూర్చుండిపోయాను. నాయన గడ్డిమంట మీద డప్పు కాగబెట్టుకుని, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకునేవాడే, ఆ మనిషి వచ్చి నా వంటింట్లో నిలబడ్డాడు. పెద్దోళ్ళ ఇంట్లో ఎవరు పోయినా ముందు నడిచింది ఆయన. వాళ్ళ వాకిట్లోకి రానివ్వని మనిషి లేకుండా వాళ్ళ శవం కదిలేది కాదు. ఆ చేతులతోనే మనిద్దర్నీ మిషనరీ బళ్ళో దింపి వచ్చాడు. నువ్వు అక్షరం నేర్చుకుని మాస్టారనిపించుకున్నావంటే ఎవరి వల్ల?

శుక్రవారం పాస్టరు గారు పేతురు సంగతి చదివాడు. మంట దగ్గర చలికాచుకుంటూ యేసు ప్రభువును నేనెరుగనన్నాడే, అది. నేను బైబిలు మూసేశాను. ఇంకేమీ అనను. నేను కూడా ఏమంత గొప్పదాన్ని కాదు. ఈ దేశంలో నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో దేవుడికి తెలుసు.

కానీ నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. సీడీలు అయిపోయాయి. ఇంకో విడత వేయిస్తున్నారు. ఆ ఉగాది నుంచి వచ్చినప్పటి నుంచీ హెప్సి ఉడికిపోతోంది. ఆ అంకుల్ తాతయ్యను అవమానించాడు, తాతయ్య నోరులేని మనిషి గనక ఊరుకున్నాడు అని. అట్ట వెనక రెండు ముక్కలు అచ్చువేయమని పంపేసింది. ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నా:

"ఇది రైలు, చావు డప్పు కాదు. మా తాతయ్య అబద్ధం చెప్పడు."

నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి అది ప్రెస్సుకు పోయింది. ఇప్పుడు నాయన డప్పును కాదనడం అచ్చులో వస్తోంది, నీ మనవరాలి చేతి మీదుగా. అది కొట్టేది ఎవరి దరువో దానికే తెలియకుండా.

నువ్వు చెప్పాలి. నేను చెప్పను.

అక్క

---

క్రోయిడన్,
15-4-2004

అక్కయ్యా,

నువ్వు చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

రెండు రోజుల నుంచి ఉత్తరం రాయాలని చూస్తున్నాను. దానికి తెలుగు కూడబలుక్కోవడమే వచ్చు. నా ఇంగ్లీషు ట్రాలీ ఇంగ్లీషు. "ప్రియమైన హెప్సీ" తర్వాత ఏం రాయాలో తెలియలేదు. నిన్న ఫోను కూడా చేశాను. అది ఎత్తి, "తాతా! ఆ అంకుల్ మళ్ళీ ఏమైనా అన్నాడా?" అంది. లేదమ్మా, చలిగా ఉంది, స్వెట్టరు వేసుకో అని పెట్టేశాను.

అది నన్ను నమ్మింది. అదొక్కతే నన్ను అలా నమ్మింది. చెబితే ఇక నా మొహం చూడదు. చెప్పకపోతే నేను దాని మొహం చూడలేను.

రత్నబాబు

---

మిల్టన్ కీన్స్,
20-4-2004

రత్నం,

పెట్టెలు వచ్చేశాయి. హాల్లో మెట్ల కింద పెట్టారు. నేను వాటి పక్క నుంచి నడిచి వంటింట్లోకి పోవాలంటే కష్టంగా ఉంది. వచ్చే వారం నుంచి షాపుల్లో ఇస్తారట.

శనివారం పొద్దున్నే నేను మా చర్చివాళ్ళ ప్రార్థన కూటానికి పోతున్నాను. ఆదివారం సాయంత్రం గానీ రాను. హెప్సికి ఆ రోజు షిఫ్టు లేదు. నువ్వు వస్తున్నావని చెప్పాను. ఎందుకని చెప్పలేదు. స్టేషనుకు వస్తుంది.

నేను ఇంట్లో ఉంటే నువ్వు నా వైపు చూస్తావు, నేను మాట్లాడేస్తాను. అరవై ఏళ్ళుగా అదే జరుగుతోంది. అందుకే పోతున్నా.

ఫ్రిజ్‌లో చేపల కూర ఉంది. వేడి చేసుకోండి.

అక్క

---

క్రోయిడన్,
3-5-2004

అక్కయ్యకు,

నువ్వు తిరిగి వచ్చేసరికి పెట్టెలు ఎలా ఉన్నాయో చూశావు. ఎలా జరిగిందో రాయమన్నావు. రాస్తున్నాను.

హెప్సి స్టేషనుకు వచ్చింది. నా సంచి తీసుకుంది. కారు నడుపుతూ ఒక రౌండబౌట్ తర్వాత ఇంకో రౌండబౌట్ తిప్పుతూ కబుర్లు చెబుతూనే ఉంది. నేను ప్రతి రౌండబౌట్ దగ్గరా ఇక్కడ చెప్పాలనుకున్నాను. ఇల్లు వచ్చేసింది.

హాల్లోకి రాగానే పెట్టె విప్పి ఒక సీడీ నా చేతిలో పెట్టింది. "వెనక చూడు తాతా," అంది. సంతోషంగా నా మొహంలోకి చూస్తోంది. చదివాను. చదివి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

"రైలు కాదమ్మా," అన్నాను.

దానికి మొదట అర్థం కాలేదు. చలపతి గారు చెప్పిందే నిజమని చెప్పాను. మా నాయన ఆ డప్పు కొట్టేవాడు, ఊళ్ళో ఎవరు పోయినా ఆయన్నే పిలిచేవాళ్ళు, పిలిచినవాళ్ళే ఆయన్ను ముట్టుకునేవాళ్ళు కాదు అని చెప్పాను. మాదిగ అన్న మాట కూడా చెప్పాను. ఆ మాట దానికి తెలియదు. నా నోటితోనే మొదటిసారి విన్నది.

నా పక్కన మెట్టు మీద కూర్చుంది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది. "అంటే మీ డాడీ డ్రమ్మరా?"

అవునన్నాను.

"ఆయన డ్రమ్మరైతే నాకెందుకు చెప్పలేదు? మా డాడీ ఎప్పుడూ అరుస్తాడు, ఈ పిచ్చి నీకెక్కడి నుంచి వచ్చింది, మన ఇంటావంటా లేదు అని. నా దగ్గర జవాబు లేకపోయేది తాతా. నీ దగ్గర ఉంది. నువ్వు పక్క గదిలోనే ఉండి వినేవాడివి."

నేను చేతిలో అట్ట బోర్లించి పెట్టుకున్నాను.

"నేను ఆ అంకుల్ మీద అరిచాను. అందరి ముందు. ఆయన నిజం చెబుతుంటే సారీ చెప్పించాను. నువ్వు అక్కడే నిలబడ్డావు," అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. గరాజ్‌లోకి పోయి తలుపు వేసుకుంది. డ్రమ్సు వాయిస్తుందేమో అనుకున్నాను. చప్పుడు లేదు. నేను చేపల కూర వేడి చేశాను. ఏదో ఒకటి చేయాలి గదా.

మధ్యాహ్నం దాటాక జెమ్మా, క్లేర్ వచ్చారు. గరాజ్‌లో ముగ్గురూ ఏదో మాట్లాడుకున్నారు. హెప్సి నల్లటి మార్కర్ పెన్నులు తీసుకుని వంటింట్లోకి వచ్చింది. నా ముందు ఒకటి పెట్టింది. రైలు అన్న మాట కొట్టెయ్యాలి, కాదు అన్న మాట కొట్టెయ్యాలి. అప్పుడు "ఇది చావు డప్పు" అని మిగులుతుంది. ఒక్కొక్క అట్టా తీసి కొట్టడం మొదలుపెట్టాం.  క్లేర్ అన్నం పెట్టుకుని చేపల కూర మొత్తం తినేసింది. ముల్లు తీయడం తెలియక ఇబ్బంది పడుతుంటే నేను తీసి ఇచ్చాను.

మొదటి అట్ట మీద నేను రెండో వాక్యం కూడా కొట్టబోయాను. మా తాతయ్య అబద్ధం చెప్పడు అన్నది. హెప్సి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ముట్టుకోవద్దు."

"అది నిజం కాదు గదమ్మా," అన్నాను.

"అయితే నిజం చెయ్యి," అంది. నా వైపు చూడకుండానే అంది. ఇంకో అట్ట తీసుకుంది.

అది క్షమించడమో, శిక్షో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియలేదు. నీకు ఏమైనా చెప్పిందా? స్టేషనులో దింపేటప్పుడు బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఎప్పుడూ పెట్టేదే. కానీ "బై తాతా" అనలేదు. మూడు పెట్టెల అట్టల మీదా ఆ వాక్యం అలాగే ఉంది. ఎవరెవరి ఇళ్ళకో పోతుంది. రైల్లో వస్తుంటే నా వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాయన చూస్తే జేబులో పెట్టుకున్నాను.

నిన్న క్లాసు తర్వాత కరివేపాకు కోసం మన తమిళాయన షాపుకు వెళ్ళాను. చలపతి గారు బెండకాయలు ఏరుకుంటున్నాడు. నన్ను చూసి, "రండి మాస్టారూ! మనవరాలికి కోపం తగ్గిందాండీ? ఆ రోజు నన్ను చంపేసేట్టు చూసిందండీ బాబూ!" అని నవ్వాడు. మంచి మనిషి.

చెప్పాను. "ఆ దరువు మా నాయనదండీ. మేం డప్పులవాళ్ళమేనండీ," అన్నాను.

నా గొంతు నీకు తెలుసు గదా. షాపులో ఫ్రీజరు మోత. ఆయన బెండకాయ తుంచుతూ, "ఏంటండీ? వినపడలేదు," అన్నాడు.

అప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది అక్కయ్యా. చెప్పడమూ అయింది, ఆయన వినకపోవడమూ అయింది, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను. సంచి తీసుకుని రెండడుగులు వేశాను కూడా. మళ్ళీ వెనక్కి వచ్చి గట్టిగా చెప్పాను. ఎంత గట్టిగా అంటే, కౌంటరు దగ్గర తమిళాయన తూకం ఆపి చూశాడు. మాదిగ అన్న మాటతో సహా చెప్పాను. మాస్టారిని కూడా కాదండీ, ఆసుపత్రిలో పోర్టరుగా చేశాను అని చెప్పాను. ఆ రోజు మీరు నా చేతులు పట్టుకుని చెప్పిన సారీ నాకు చెందదండీ అన్నాను.

ఆయన కాసేపు బెండకాయలే చూశాడు. "అలాగాండీ," అన్నాడు. "సరేనండీ, వస్తానండీ," అన్నాడు. మాస్టారూ అనలేదు. వచ్చే ఆదివారం పిల్లల్ని పంపుతారో లేదో తెలియదు. నేను మాత్రం వెళ్ళి క్లాసు గది తలుపు తీసి కూర్చుంటాను.

హెప్సికి ఇది నువ్వు చెప్పవద్దు. నేనే చెప్తాను, ఫోనులో, విద్యాసాగర్ హాల్లో ఉండగానే. కానీ షాపులో మొదటిసారి ఆయనకు వినపడలేదని సంతోషించానే, ఆ సంగతి దానికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అబద్ధం చెప్పడు అన్నది గదా. చెప్పాలనే అనుకుంటున్నాను. అన్నిటికంటే ఆ సంతోషానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

నీ తమ్ముడు
రత్నబాబు